బోణీ ఫొటో: కోమటి చెరువు నుంచి మల్లన్నసాగర్ కట్ట దాకా ఒక రోజు

నా పని ఫొటోలు దిద్దడం. హైదరాబాద్‌లో క్యాలెండర్లు, టూరిజం పుస్తకాలు అచ్చువేసే ఒక ప్రెస్‌లో కూర్చుని, ఎవరో వంకరగా తీసిన కోటగోడలను నిటారుగా నిలబెడతాను. గోపురాల మీంచి కరెంటు తీగలు తీసేస్తాను. నదిలో తేలే ప్లాస్టిక్ సీసాలను ఒక్కొక్కటే ఏరేస్తాను. వారంలో ఆరు రోజులు ఇదే కాబట్టి సెలవు రోజున ఎవరైనా "మా ఫొటోలు జర చూడవా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే సిద్దిపేట బస్సెక్కాను. కారణం జమీలా.

జమీలా, నేనూ సిద్దిపేటలో ఇంటర్ కలిసి చదివాం. వాళ్ల నాన్న, తన మాటలో అబ్బా, పెట్టిన ఫొటో స్టూడియోను ఇప్పుడు తనే నడుపుతోంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు తప్ప వేరే తీయని మనిషి, ఈ మధ్య నీటి ఒడ్డు కట్టడాల మీద పడింది. చెరువు కట్టలు, తూములు, వంతెనలు, రిజర్వాయర్ పంప్‌హౌస్‌లు, ఏవి కనిపిస్తే అవి తీస్తోంది. వాటితో ఒక క్యాలెండర్ వేయాలని పట్టుదల. ముందు వారం ఫోన్ చేసి, నేను హలో అనకముందే మొదలుపెట్టింది.

"పద్మా, నువ్వు రా. ఫొటోలు బాగలేకుంటే మొఖం మీదనే తిట్టు, గని రా. ఇంకో ముచ్చట గూడ ఉన్నది. మా డ్రైవర్ మల్లేశం లేడా, వాళ్లది వేములఘాట్. ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయర్ల మునిగిపోయింది. గజ్వేల్ కాడ ఇచ్చిన ప్లాటుల ఇన్నేండ్లకు ఇల్లు కట్టుకున్నరు. వచ్చే బేస్తారం, గదే గురువారం, గృహప్రవేశం. వాళ్లవ్వ ఒక్కటే మాట మీద ఉన్నది, ఊర్లె ఇంటి ఫొటో గోడకు ఎక్కినంకనే నేను లోపటికి వస్త అంటుంది. వాళ్ల దగ్గర ఆ ఇంటి ఫొటో ఒక్కటి లేదు. మల్లేశం పెండ్లి ఫొటోలు తీసింది మా అబ్బానే. పాతవి తెరిచి చూడాలె. ఒక్కదానికి నాకు భయమైతుందే."

"ఫొటోలు తెరవడానికి భయమేందే, పిచ్చిదానా?" అన్నాను.

"రా, నీకే ఎరుకైతది," అని పెట్టేసింది.

సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి సిద్దిపేటకు తెల్లవారుజాము నుంచే బస్సులు ఉంటాయి. రెండున్నర గంటల దారి. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆధార్ కార్డు చూపించిన ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లకు రెండు వందల లోపే అవుతుంది. శామీర్‌పేట దాటాక రద్దీ తగ్గుతుంది, ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు చాయ్‌కి ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. నేను కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి ఫ్లెక్సీలో ఎవరి మొహం ఎంత తెల్లగా దిద్దారో చూసుకుంటూ వెళ్లాను. ఈ ఉద్యోగంతో వచ్చిన రోగం ఇది. అక్కడక్కడా మెడ ఒక రంగు, మొహం ఒక రంగు.

బస్టాండు బయట మల్లేశం కారుతో ఉన్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, తక్కువ మాట్లాడతాడు. కారు రోజంతా తిప్పడానికి డీజిల్‌తో కలిపి మూడు వేల దాకా అవుతుందని, ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే నయమని చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. నా దగ్గర అతను తీసుకోనన్నాడు, నేను ఇస్తానన్నాను, ఆ గొడవ సాయంత్రం దాకా నడిచింది. కోమటి చెరువు ఊరికి ఆనుకునే ఉంటుంది. జమీలా కట్ట మీద ట్రైపాడ్ వేసుకుని అప్పటికే నిలబడి ఉంది.

ఎనిమిదిన్నరకు చెరువు దగ్గర వెలుతురు పల్చగా, మెత్తగా ఉంటుంది. తొమ్మిదిన్నర దాటితే నీళ్లు అద్దంలా కొట్టి వేలాడే వంతెన తాళ్లు కనబడవు. కాబట్టి ఫొటోల కోసం వెళ్లేవాళ్లు తొందరగా వెళ్లాలి. లేదంటే సాయంత్రం దీపాలు వెలిగే వేళ వెళ్లాలి, అప్పుడు జనం ఎక్కువ. ఆ పూట కట్ట మీద వాకింగ్ చేసేవాళ్లు, బెంచీల మీద పేపర్ చదివే పెద్దమనుషులు తప్ప ఎవరూ లేరు. వంతెన అవతలి కొస నీళ్లలో రెండోసారి కనిపిస్తోంది. చాలా ప్రశాంతంగా ఉంది. నాకు ఆకలి కూడా గుర్తు రాలేదు.

జమీలా తన ల్యాప్‌టాప్ బెంచీ మీద పెట్టి, ఎడిట్ చేసిన ఫొటోలు చూపించింది. మొదటిది ఈ వంతెనే. చూడగానే నాకు కళ్లు మండాయి.

"ఏందే ఇది? నీళ్లు గింత నీలంగ ఎక్కడున్నయి? ఇంకు సీసా ఒలకబోసినవా?"

"జనానికి గట్లుంటెనే నచ్చుతది," అంది జమీలా.

"జనం సంగతి తర్వాత, ముందు నాకు నచ్చాలె. ఒడ్డు గీత చూడు, ఎడమ దిక్కు కిందికి జారింది. చెరువుల నీళ్లు ఒక పక్కకు ఒంపుతయా? ముందు నీటి గీత సమానం చెయ్, తర్వాత మిగతావి."

జమీలా మొహం ముడుచుకున్నా రాసుకుంది. నేను ఆగలేదు. నీటి ఒడ్డు కట్టడాలు తీసేవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది: కట్టడాన్ని వెలుగులోకి తెచ్చాక, నీళ్లలో దాని నీడను కూడా అంతే వెలిగిస్తారు. నిజంగా నీళ్లలో కనిపించే బొమ్మ పైదాని కన్నా కొంచెం ముదురుగా ఉంటుంది. రెండూ సమానం చేస్తే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో చెప్పలేడు. అట్లాగే కింది నుంచి తల ఎత్తి తీస్తే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వాటిని నిటారు చేయొచ్చు కానీ మరీ బిగదీస్తే పైభాగం ఉబ్బుతుంది. కొంచెం వాలు ఉంచేయడమే మంచిది. ఇంకొక దాంట్లో ఆకాశం మార్చింది. మేఘం మీద ఎండ కుడి నుంచి, వంతెన మీద ఎండ ఎడమ నుంచి.

"ఆకాశం ఏడికెళ్లి తెచ్చినవ్?"

"ఫొటోగ్రాఫర్ల గ్రూపుల ఫ్రీగ ఇచ్చిన్రు."

"నీ పుణ్యం ఉంటది, వాపస్ ఇచ్చెయ్."

మల్లేశం వెనక నిలబడి వింటున్నాడని అప్పుడు చూశాను. మొహమాటంగా నవ్వాడు. "జమీలక్కను గిట్ల తిట్టెటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న," అన్నాడు. కట్ట దిగగానే టిఫిన్ బండి మీద ఇడ్లీ, మిర్చీలు తిన్నాం. ముగ్గురికి కలిపి నూటయాభై కూడా కాలేదు. చట్నీలో కారం మాత్రం లెక్కలేకుండా వేశాడు.

పదకొండు దాటాక స్టూడియోకి వెళ్లాం. పాత బజారు సందులో మేడ మీద ఒక పొడవాటి గది. ఒక పక్క పాస్‌పోర్టు ఫొటోలకు నీలి తెర, ఇంకో పక్క కంప్యూటరు, గోడ పొడుగునా ఇనుప బీరువాలు. మల్లేశం ఇంటి నుంచి తన పెళ్లి ఆల్బమ్ తెచ్చాడు, పాత చీరలో చుట్టి. మడతలు విప్పి టేబుల్ మీద పెట్టి, తను దూరంగా కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి పేజీ తెరిచాను. పెళ్లికొడుకును చేసే రోజు. పసుపు పూసుకుని పీట మీద కూర్చున్న మల్లేశం, పక్కన మేనత్తలు, పెద్దమ్మలు. వాళ్ల వెనక, నీళ్ల ఒడ్డున తెల్లటి రాజమహల్. మెట్లు నీళ్లలోకి దిగుతున్నాయి, నీళ్లలో హంసలు. నాకు నవ్వు ఆగలేదు. పేజీ తిప్పితే మంచు కొండలు. ఇంకో పేజీకి పూలతోట, ఫౌంటెను. మళ్లీ అదే మహల్, ఈసారి సూర్యాస్తమయంతో. ఆల్బమ్ మొత్తంలో వేములఘాట్ ఎక్కడా లేదు.

నవ్వుతూనే తలెత్తి జమీలా వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు.

"గప్పుడు అందరివి గట్లనే చేస్తుంటిమి," అంది. "ఇల్లు కనవడితే ఆల్బమ్ బాగలేదనెటోళ్లు. మనుషులను కోసి, ఎనుక సీనరీ పెట్టుడు. అబ్బా ఫొటోలు తీస్తుండె. కోసింది మాత్రం నేనే పద్మా. ఈ ఇంటిని నా చేతులతోని నేనే తీసేసిన."

నవ్వడం ఆపేశాను. ఫోన్లో అన్న భయం ఇదన్నమాట. ఒరిజినల్స్ సంగతి అడిగాను. ఆల్బమ్ ఇచ్చి నెల తిరగగానే తుడిపేసేవాళ్లమంది. డిస్కుల్లో జాగ ఉండేది కాదు, కొత్త పెళ్లి వస్తే పాత పెళ్లి పోవాల్సిందే. ఏ ఊరి స్టూడియో అయినా అప్పట్లో చేసిన పనే అది.

మల్లేశం లేచి వచ్చాడు. నాలుగో పేజీ తిప్పి, తన మోచేతికీ నడుముకీ మధ్య ఉన్న చిన్న సందు మీద వేలు పెట్టాడు. చుట్టూ మహలే. ఆ సందులో మాత్రం, గోరంత జాగలో, సున్నం కొట్టిన మట్టిగోడ. కత్తిరించేటప్పుడు అది మిగిలిపోయింది. ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు: చెయ్యి వంచి నిలబడ్డ మనిషిని కోసేటప్పుడు ఆ సందును మర్చిపోవడం చాలా మామూలు.

"అవ్వ గీడనే వేలు పెడ్తది అక్కా," అన్నాడు నాతో. ఈ దిక్కు అవ్వ అంటే అమ్మ. "ఇంటికి ఎవలొచ్చినా ఆల్బమ్ తీస్తది, గీ సందు చూపెట్టి గిది మా గోడ అంటది. మా ఇంటిది ఉన్నదంత గింతే."

"గా సందు మర్చిపోయినందుకు అబ్బా నన్ను మస్తు తిట్టిండు," అంది జమీలా, కళ్లు తుడుచుకుంటూ.

"మర్చిపోయి మంచిపని చేసినవక్కా," అన్నాడు మల్లేశం. ఎత్తిపొడుపు ఏమీ లేదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది మా ఇద్దరికీ.

అన్నం వేళ అయింది. కింద మెస్ నుంచి జొన్నరొట్టెలు, కోడికూర తెప్పించాం. ఎవరూ సరిగా తినలేదు. రొట్టె తుంచుతూ తుంచుతూ జమీలా ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"హాయ్ అల్లా! బోణీ ఫొటోలు!"

ఏమిటంటే, వాళ్ల అబ్బాకి ఒక పట్టింపు ఉండేదట. ఏ పెళ్లికి వెళ్లినా, మనుషుల మీద కెమెరా పెట్టకముందు ఆ ఇంటి ముందు నిలబడి వాకిలితో సహా ఒక ఫొటో తీసేవాడు. దుకాణదారుకు పొద్దున మొదటి బేరం ఎట్లాగో ఆయనకు అది అట్లాగ. దాన్ని ఆల్బమ్‌లో పెట్టడు, దానికి పైసలు తీసుకోడు, దాన్ని తుడపనివ్వడు. తుడిపితే ఆ ఇంటికి మంచిది కాదని, స్టూడియోకి అసలే మంచిది కాదని ఆయన నమ్మకం. అవన్నీ విడిగా ఒక డిస్కులో వేయించేవాడు. ఆయన పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు.

బీరువాలో అట్టపెట్టెలు దించాం. మొదట దొరికిన డిస్కు కంప్యూటరుకు తగిలిస్తే టకటకా కొట్టుకుని ఊరుకుంది. జమీలా దాన్ని ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. పెట్టె అడుగున ఇంకొకటి కనిపించింది. అబ్బా ఎందుకైనా మంచిదని రెండో కాపీ ఉంచేవాడని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అది తిరిగింది, తెరుచుకుంది. లోపల పేర్లు లేవు, ఊర్లు లేవు. ఒకదాని వెనక ఒకటి వందల ఇళ్లు, వందల వాకిళ్లు. మామిడి తోరణాలు, పందిరి గుంజలు, విప్పిన చెప్పుల కుప్పలు, సైకిళ్లు, కట్టేసిన దూడలు. ఏ ఫొటోలోనూ మనుషులు నిలబడి లేరు.

మల్లేశం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. జమీలా ఒక్కొక్కటే తిప్పుతోంది. కాసేపటికి అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి మాట్లాడిన దానికన్నా ఎక్కువ అప్పుడే మాట్లాడాడు.

"గిది తొగుట కావచ్చు... గిది ధూళిమిట్ట దిక్కు ఇల్లు, గా బండల గోడ చూస్తే తెలుస్తది... ఆగుండ్రి, ఆగుండ్రి! గిది మా బాలయ్య కాక ఇల్లు. గా అరుగు మీదనే మేం పేక పత్తాలాడేది. పెద్దగ చేయుండ్రి జర." ఇంకో నాలుగు తిప్పాక, "గిది మాలోళ్ల ఎల్లయ్యది. పాపం, ఆయనకు గూడ ఒక్క ఫొటో లేదు." ప్రతిదాన్నీ తన సెల్‌ఫోన్‌తో తెర మీంచే ఫొటో తీసుకున్నాడు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. వీటిలో వేములఘాట్ ఇళ్లన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి.

తన ఇల్లు వచ్చినప్పుడు అతను గుర్తుపట్టలేదు. జమీలా దాటేసి ఇంకో రెండు తిప్పింది. అప్పుడు, "ఎనుకకు పో అక్కా," అన్నాడు. పెంకుటిల్లు, ముందు పందిరి, నీలి తలుపులు. ఫ్రేమ్ అంచున, సగం బయటికి పోయి, వంగి ముగ్గేస్తున్న ఒక ఆడమనిషి వీపు. మొహం లేదు.

"గా వంగినామె మా అవ్వ," అన్నాడు. తర్వాత కిందికి పోయి కారు దగ్గర నిలబడ్డాడు.

ఫొటోగా చూస్తే అది పరీక్షలో తప్పే ఫొటో. కెమెరా వంగింది. ఫ్లాష్ తలుపు మీద కొట్టి మరక పడింది. కరెంటు తీగ ఇంటి నడిమధ్య నుంచి పోయింది. సగం మనిషి అంచున ఇరుక్కుంది. జమీలా వెంటనే మౌస్ పట్టుకుంది. నిటారు చేస్తానంది, తీగ తీసేస్తానంది, ఆకాశం తెల్లగా పోయింది కొంచెం నీలం వేస్తానంది.

"చెయ్యి తీయ్," అన్నాను. "ఒక్క చుక్క ముట్టుకోవద్దు. ఇన్నాళ్లకు నిజమైంది ఒక్కటి దొరికింది. ఒకసారి చేసింది చాలలేదా నీకు?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. జమీలా మౌస్ వదిలేసి కిటికీ దగ్గరికి పోయింది. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే, "నువ్వు చెప్పింది కరెక్టే, గందుకే నొచ్చింది," అంది. ఉన్నది ఉన్నట్టే నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాం. పెద్ద సైజు ప్రింటు వేసే ముందు అవ్వకు ఒకసారి చూపిస్తే మంచిదని, పైకి తిరిగొచ్చిన మల్లేశం అన్నాడు. గజ్వేల్ ఎట్లాగూ నేను తిరిగి వెళ్లే దారిలోనే ఉంది.

మూడింటికి బయలుదేరి తొగుట మీదుగా మల్లన్నసాగర్ కట్ట దగ్గరికి వెళ్లాం. సిద్దిపేట నుంచి ముప్పావు గంట చాలు, రోడ్డు బాగుంది. కట్ట పైకి బండ్లను ఒక్కోరోజు వదులుతారు, ఒక్కోరోజు వదలరు. అక్కడ కాపలా ఉన్నవాళ్లు చెప్పినట్టు వినడమే నయం. మేం కారు కింద పెట్టి నడిచి ఎక్కాం. ఎక్కగానే కనుచూపు మేర నీళ్లే. ఒడ్డున కాంక్రీటు కట్టడాలు ఎంత పెద్దవైనా, అంత నీళ్ల ముందు అవి చిన్నవిగా కనిపిస్తాయి. ఫొటో తీసేవాళ్లు కట్ట వంపును ఫ్రేమ్‌లోకి తెచ్చుకుంటే కన్ను ఆ వంపు వెంట నీళ్లలోకి పోతుంది. నీళ్లు మాత్రమే తీస్తే ఎక్కడి నీళ్లో తెలియదు. నేనూ జమీలా తలా నాలుగు తీశాం. అలలు కూడా లేవు, గాలి చల్లగా ఉంది.

"మీ ఊరు ఏ దిక్కు మల్లేశం?" అని అడిగాను.

చెయ్యి చాపాడు. "గాడ..." అని, కొంచెం కుడికి జరిపాడు. "కాదు, ఇంకింత ఇటు." మళ్లీ ఎడమకు. తర్వాత చెయ్యి దించేశాడు. "గుట్టలను చూసి చెప్పొచ్చనుకుంటి అక్కా. నీళ్ల మీద గురుతు పట్టరాదు."

అక్కడి నుంచి గజ్వేల్ పక్కన ఉన్న కాలనీకి దాదాపు గంట పట్టింది. ఒకే కొలత రోడ్లు, వరసగా ఇళ్లు. మల్లేశం కొత్త ఇంటికి రంగులు అయిపోయాయి, గుమ్మానికి పసుపు ఇంకా లేదు. వాళ్ల అవ్వ రాజవ్వ ఆ ఇంటి బయట, ఇన్నాళ్లూ ఉంటున్న రేకుల షెడ్డు ముందర నవారు మంచం మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి, మాట గట్టి. మమ్మల్ని చూడగానే, "కూసోండ్రి బిడ్డా, చాయ్ తాగినంకనే ఏ ముచ్చటైనా," అంది.

జమీలా చాయ్ గ్లాసు పట్టుకుని, తాగకుండా, చెప్పాల్సింది చెప్పేసింది. ఆల్బమ్‌లోంచి ఇంటిని తీసేసింది తనేనని, మన్నించమని. రాజవ్వ ఆమె వైపు వింతగా చూసింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా? మేమే అడిగితిమి గదా రాజమహల్ పెట్టుమని! ఇల్లు దినాం జూసేదేనాయె, ఆల్బమ్‌ల గూడ గదేనా అంటిమి. అడిగింది మేము, పెట్టింది మీరు. చాయ్ సల్లారుతుంది, తాగు."

జమీలా తాగింది. పొద్దుటి నుంచి ఆమె మొహం మామూలుగా కావడం అప్పుడే చూశాను.

ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి ఫొటో తెరిచాను. రాజవ్వ కళ్లద్దాలు తెప్పించుకుంది. ముందుకు వంగింది. తలుపు చూసింది, పెంకులు చూసింది, పందిరి చూసింది. వంగి ముగ్గేస్తున్న తన వీపు మీద వేలు పెట్టి, "గీమెవలు?" అని తనే నవ్వింది. తర్వాత తెర మీద వేలు మెల్లగా కుడికి జరుపుకుంటూ పోయింది. మధ్యాహ్నం నేను ఆపకపోతే ఈ తీగ, ఈ వంకర, ఇవన్నీ పోయేవి కదా అని లోపల్లోపల నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

"బిడ్డా," అంది రాజవ్వ, "గీ కుడి దిక్కు గోడకు సున్నం లేదు."

చూశాను. నిజమే. పందిరి నీడ అనుకున్నాను నేను. తలుపు పక్క వరకు తెల్లగా ఉండి, ఆ మూల గోడ మట్టి రంగులోనే ఉంది.

"పెండ్లికి మల్లేశం నాయిన్నే సున్నం ఏసిండు. గీడిదాంక ఏసి అయిపోయిందన్నడు. ఇంకింత తెండ్రి అంటే, గా మూలకు షామియాన గుడ్డ వస్తది, ఎవలు జూస్తరే అన్నడు. చుట్టాలందరొచ్చిన దినం గట్లనే ఉండె. మళ్ల ఏద్దాం మళ్ల ఏద్దాం అనుకుంటనే ఆయన పాయె, ఊరు పాయె." నా వైపు తిరిగింది. "మీ మిషిన్ల సున్నం ఉంటదా?"

నేను జమీలా వైపు చూడలేకపోయాను. ఒక్క చుక్క ముట్టుకోవద్దని అంత గట్టిగా అరిచిన మనిషిని కదా. అమ్మా, ఉన్నది ఉన్నట్టు ఉంటేనే విలువ అని ఏదో అనబోయాను. రాజవ్వ నా మొహంలోకే చూస్తోంది. పండక్కి సున్నం వేయమని ఇంటికొచ్చిన మనిషిని అడిగినట్టే అడుగుతోంది ఆమె. ఆ ఇల్లు ఎవరిది? నాదా?

"ఉంటదమ్మా," అన్నాను.

వేయడం మొదలుపెట్టాను. మొదట వేసింది చూసి ఒప్పుకోలేదు. "గంత తెలుపు పెయింటుకుంటది, సున్నానికి ఉండదు. జర నీలిమందు కలుపు." కలిపాను. "ఎక్కువైంది." తగ్గించాను. "గోడంత ఒక్క తీరుగ కొడుతున్నవేంది? కుంచె గీతలు పడాలె." నా ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పని మీద ఇన్ని వంకలు పెట్టినవాళ్లు లేరు. పక్కన జమీలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "కింద జాజు పట్టీ మర్సినవ్," అంది రాజవ్వ. గోడ అడుగున ఎర్రమట్టి పట్టీ కూడా వేశాను. తీగ తీసేయనా అని అడిగితే, "కరెంటు లేకుంటే ఎట్ల?" అంది. వంకర సరిచేయనా అంటే, ఆమెకు వంకర కనబడనే లేదు.

అయిపోయింది. రాజవ్వ వెనక్కి జరిగి, తల ఒక పక్కకు వంచి చూసింది. మల్లేశం ఆమె వెనకే నిలబడ్డాడు.

"ఎవలు జూస్తరే అన్నడు," అంది రాజవ్వ మెల్లగా. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇగ ఎవలన్న రానీ, చూసుకోనీ. గిది పెద్దగ ఏపియ్యిరా. బేస్తారం లోపటికి పోదాం."

ఏడు దాటాక ప్రజ్ఞాపూర్ దగ్గర మల్లేశం నన్ను బస్సెక్కించాడు. ఈ నేలలో మీరు ఒక్కరోజు తిరిగినా మంచి ఫొటోలు దొరుకుతాయి. పొద్దున చెరువు, మధ్యాహ్నం బజారు, సాయంత్రం కట్ట. కానీ నీటి ఒడ్డున నిలబడి కనిపించే కట్టడాలనే కట్టడాలనుకుని వెళ్లిన నాకు, ఆ నీటి అడుగున ఉన్న ఒక ఇంటికి సున్నం వేసే భాగ్యం దక్కింది. ఫొటోలో ఏది ఉంచాలో, ఏది తీయాలో నాకు తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉంచడం, తీయడం నాకు వచ్చినంత మాత్రాన అది నిర్ణయించే హక్కు నాది కాదు. బస్సులో ఇదే ఆలోచించుకుంటూ వచ్చాను. బాధ లేదు, మనసు నిండుగా ఉంది.

ఒక చిట్కా: మీరు తీసిన అసలు ఫొటోను ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, కాపీ మీదే పని చేయండి. ఎడిట్ అయిపోయిందనుకున్నాక, దాన్ని ఎక్కడైనా పెట్టే ముందు, ఆ గోడల మధ్య బతికినవాళ్లు దొరికితే ఒకసారి చూపించండి. చాలామంది బాగుందని ఊరుకుంటారు. రాజవ్వ లాంటివాళ్లు ఎదురుపడితే మాత్రం సున్నం మళ్లీ కలపాల్సి వస్తుంది, కొంచెం టైమ్ పెట్టుకుని వెళ్లండి.